రావి జాతే అన్నాడు

ఆ చెట్టు వేర్లు కుళ్ళబెట్టింది మీరే. పుంగనూరు గుడ్డలంగడి కుప్పుస్వామీ, నువ్వు. నీ భార్య సరోజమ్మ. అంగట్లో దర్జాగా కూర్చుని ఆకుల సాక్ష్యం విన్న పెద్దమనిషి వరదరాజులు. తలకాయ ఊపి వచ్చిన మా బావ నారాయణస్వామి. అంతా చూస్తూ టీవీ రిమోటు నొక్కుతూ కూర్చున్న మునిచంద్ర. మీలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారని ఊరంతా అంటుంది. నేనూ కాదనను. చెడ్డవాళ్ళయితే ఇంత నింపాదిగా చేయలేరు.

చెట్టుకు జరిగింది చెబితే మా దీపకు జరిగింది చెప్పినట్టే. అందుకే చెట్టు దగ్గరే మొదలుపెడతాను.

దీప మా అక్క ఆదిలక్ష్మమ్మ కూతురు. కుప్పంలో ఇంటరు చదివింది. తొంభై ఎనిమిదిలో కుప్పుస్వామి కొడుకు మునిచంద్రకు ఇచ్చి చేశారు. నాలుగేళ్ళయినా పిల్లలు పుట్టలేదు. రెండువేల రెండు ఎండాకాలంలో సరోజమ్మ కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని మదనపల్లె వచ్చింది, పెద్ద డాక్టరమ్మకు చూపించాలని. నేనుండేది మదనపల్లెలోనే. టమాటా మార్కెట్టులో గంపలు మోసే ఆడవాళ్ళ సంఘం పని చూసుకుంటూ ఉంటాను. తోడుగా ఆసుపత్రికి పోయాను.

దీపకు స్కానింగు తీశారు. కడుపులోకి రంగు నీళ్ళు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ పరీక్ష ఎంత నొప్పో చేయించుకున్న ఆడదానికి తెలుస్తుంది. దీప అరవలేదు. పైకప్పు మీది ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది. సాయంత్రానికి డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. నేను, సరోజమ్మ, దీప. మునిచంద్ర రోడ్డు అవతల టీ అంగడి దగ్గర పేపరు చదువుతున్నాడు.

"అమ్మాయిలో ఏ లోపమూ లేదు. అన్నీ బాగున్నాయి. ఈసారి అబ్బాయిని తీసుకురండి. చిన్న పరీక్ష, సూది కూడా ఉండదు" అంది డాక్టరమ్మ.

"అట్లనేమ్మా" అంది సరోజమ్మ.

బయటికి వచ్చాక మునిచంద్ర అడిగాడు, ఏమన్నారని. "అంతా బాగుండాదంటప్పా. దేవుడు సూడాల ఇంగ" అంది సరోజమ్మ. డాక్టరమ్మ మాటలో సగం ఆసుపత్రి మెట్ల మీదే ఉండిపోయింది. మిగతా సగం నేను చెప్పబోయాను. సరోజమ్మ నా మోచేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. "రోడ్డు మీద వొద్దు వదినా, ఇంటికి పోయి నేను సెప్తాగా" అంది.

పుంగనూరు బస్సు రావడానికి టైముంది. దీప నిలబడలేకపోతోంది. స్టాపు పక్కనే ఆదెప్ప నర్సరీ. అక్కడ ఒక బెంచీ ఉంటే కూర్చోబెట్టాం. బెంచీ పక్కన నడుమెత్తు మొక్క ఒకటి, సన్నటి కొమ్మలు కిందికి వాలి, వేలెడంత ఆకులు నూనె రాసినట్టు మెరుస్తూ. దీప దాని ఆకు ఒకటి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అట్లే కూర్చుంది. తెంపలేదు, వదలలేదు.

మునిచంద్ర చూశాడు. "కావాల్నా?" అన్నాడు.

ఆ రోజంతా దీపను ఏదైనా అడిగిన మనిషి అతనొక్కడే. ఆ మాట కూడా రాస్తున్నాను, లేకపోతే అన్యాయం.

ఆదెప్ప వచ్చాడు. "ఇది ఫైకస్ అంటారు సార్. ఇంట్లోనే పెట్టుకునేది. వెలుతురు రావాల, ఎండ నేరుగా పడగూడదు. యాడ పెడితే ఆడనే ఉండనీయండి. ఊరికినే జరిపితే అలుగుతాది, ఆకు రాలుస్తాది. నీళ్ళు మాత్రం వేలు గుచ్చి సూసి, పైమన్ను ఎండితేనే పోయాల."

"ఇంత సుకుమారమా? సచ్చిపోతే?" అంది సరోజమ్మ.

"యాడ సస్తాదమ్మా. రావి జాతే ఇది. గోడ పగుల్లో మొలిచే రావిని సూసుంటారు గదా, దాన్ని సంపడం మన తరమా?"

ఆదెప్ప అబద్ధం చెప్పలేదు. రావి, మర్రి, జువ్వి, మేడి, ఈ ఫైకసు అన్నీ ఒక ఇంటివే. కానీ అతను చెప్పిన ఇన్ని మాటల్లో సరోజమ్మ చెవిలో నిలిచింది ఒక్కటే. రావి జాతి.

అబ్బాయిని తీసుకురండి అని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ళు మొక్కను తీసుకుపోయారు.

కింద అంగడి, మిద్దె మీద ఇల్లు. కుప్పుస్వామి గల్లాపెట్టె దగ్గర నుంచే అడిగాడంట, ఏం చెట్టు అది అని. ఫైకస్ అని కొడుకు చెబితే, "పైకాసా? పేరు బాగుండాదే. పైన కాసు పడతాదంటే ఉండనీ" అన్నాడంట. అప్పటి నుంచి ఆ ఇంట్లో అది పైకాసు చెట్టే.

దీప దాన్ని తూర్పు కిటికీ పక్కన పెట్టింది. తరువాత కొన్ని నెలలకు నేను పోయినప్పుడు ఆ కిటికీ సగం పచ్చగా కప్పుకుని ఉంది. కొత్త ఆకులు లేతగా, పట్టుకుంటే తడి ఉన్నట్టు ఉన్నాయి. దీప తడిగుడ్డతో ఒక్కో ఆకు తుడుస్తోంది. కింద అంగట్లో గుడ్డలు దులిపిన ధూళి పైకి వచ్చి వాలుతుందట. తుడిచాక మట్టిలో వేలు గుచ్చి చూసింది. నీళ్ళు పోయలేదు.

"ఎట్ల ఉండావే?" అన్నాను.

"ఉండాను చిన్నమ్మా."

"బాధగా ఉండాదా?"

కాసేపు ఆలోచించింది, నేనేదో లెక్క అడిగినట్టు. "ఏమో. ఏమీ ల్యా. పొద్దున లేస్తాను, పని సేస్తాను, పండుకుంటాను. మా అత్త తిడితే యినబడతాది. అంతే."

"మునిచంద్ర పరీక్షకు పోయినాడా?"

"ఎవురు సెప్పినారు పొమ్మని?"

నేను వంటింట్లోకి పోయి సరోజమ్మను అడిగాను. సెప్తా సెప్తా, ఆషాఢం పోనీ అంది. మునిచంద్రకు నేనే చెప్పాను, మెట్ల దగ్గర, గొంతు తగ్గించి. అతను చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. "సరే చిన్నత్తా" అన్నాడు. చెప్పు కాలికి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పోలేదు.

ఆషాఢం పోయింది. శ్రావణం పోయింది. అంగడికి చీరలకొచ్చిన ఒకావిడ సరోజమ్మకు చెప్పింది, తన కోడలు రావిచెట్టు చుట్టూ తిరిగితే ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడని. ఆ కోడలికి మరేం వైద్యం చేయించారో ఆవిడ చెప్పలేదు, ఈవిడ అడగలేదు. దీపను కూడా తిప్పాలి. కానీ దగ్గర్లో ఉన్న రావి కాస్తా రోడ్డుకు అడ్డమని కొట్టేశారు. ఉన్నది ఊరి బయట. తెల్లారుజామున కోడలిని అంత దూరం పంపితే నలుగురూ చూస్తారు, ఎందుకు పోతోందో అడుగుతారు. అప్పుడు సరోజమ్మకు ఆదెప్ప మాట గుర్తొచ్చింది.

రావి జాతే అన్నాడు కదా. ఇంట్లోనే ఉంది కదా.

కిటికీ పక్కన ఉంటే చుట్టూ తిరగడానికి కుదరదు. అందుకని తొట్టిని హాలు మధ్యకు లాగారు. వెలుతురు రాని హాలు. అది మొదటి తప్పు. దీప ఒక్క మాట అందంట, జరిపితే అలుగుతాదని చెప్పినారు అత్తా అని. "సెట్టు అలిగేదాన్ని సూస్తాండావు, నా కడుపు మండేది సూల్లేదా నువ్వు" అంది సరోజమ్మ. దీప తొట్టికి రెండో పక్క పట్టుకుంది.

ఇంక రోజూ పొద్దున్నే తలకు పోసుకుని, తడిచీరతో తొట్టి చుట్టూ తిరగడం. తిరిగాక ఒక బిందె నీళ్ళు మొదట్లో పోయడం. శనివారమైతే పాలు. మాను చుట్టూ పసుపు దారం. రావికి భూమి ఉంటుంది, ఎన్ని బిందెలు పోసినా తాగుతుంది. ఇది అడుగున్నర తొట్టి. మట్టి ఎండిందా లేదా అని వేలు గుచ్చి చూసే హక్కు దీపకు పోయింది. దేవుడి మట్టిలో వేలు పెట్టకూడదంట.

కార్తీకంలో మా బావ నారాయణస్వామి కుప్పం నుంచి ఫోను చేశాడు. "పుంగనూరోళ్ళు రమ్మంటాండారు రెడ్డెమ్మా. ఏందో మాట్లాడాలంట. మాటకు మాట సెప్పే మనిషి ఒకరు ఉండాల, నువ్వు గూడా రా." నేను మొదటి బస్సుకే పోయాను. ఆయన ఇంకా రాలేదు. మిద్దె ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాను.

దీప తిరుగుతోంది. జుట్టులో నీళ్ళు కారి నేల తడిగా ఉంది. టీవీలో భక్తి పాటలు వస్తున్నాయి. సోఫాను గోడకు నెట్టినా చోటు చాలక బీరువా మూల దగ్గర ప్రతిసారీ భుజం వంచుకుని తిరుగుతోంది. కుప్పుస్వామి కుర్చీ ఆ దారిలోనే ఉంది. పేపరు చదువుతున్నాడు. దీప దగ్గరికొచ్చినప్పుడల్లా పేపరు నుంచి తల తిప్పకుండా రెండు కాళ్ళు పైకి ఎత్తుతాడు. ఆమె దాటగానే దించుతాడు. మళ్ళీ ఎత్తుతాడు. ఇల్లు తుడిచేటప్పుడు ఎత్తినట్టు.

చెట్టుకు ఆకులు లేవు. పైన పదో పరకో, పసుపుగా. మిగిలిందంతా తొట్టి చుట్టూ నేల మీద. దీప తడికాళ్ళకు అవి అంటుకుని ఆమెతో పాటు తిరుగుతున్నాయి.

నేను లోపలికి పోయి ఆమె చేయి పట్టుకుని ఆపాను. ఆపితే ఆగింది. లాగి ఉంటే వచ్చేది, వదిలి ఉంటే తిరిగేది.

"ఇంగా ఉండాయి వదినా, మధ్యలో ఆపగూడదు" అంది సరోజమ్మ వంటింటి గడపలో నిలబడి.

నేను మట్టిలో వేలు గుచ్చాను. బురద. ముక్కు దగ్గర పెట్టుకుంటే విరిగిన పాల కంపు. చిన్న చిన్న దోమలు లేచాయి. పసుపు దారం మాను తొక్కలోకి కోసుకుపోయింది. గంపల దారాలు కోయడానికి బ్లేడు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి దారం కోశాను. బ్లేడు కాస్త లోతుగా తగిలి తెల్లటి పాలు బొట్టుగా కారాయి.

సరోజమ్మ వచ్చి ఆ పాలకు దండం పెట్టింది. తరువాత నా వైపు తిరిగింది. "రక్తం కార్చినావు గదా."

"పాలున్నాయంటే సచ్చిపోలేదని అర్థం వదినా. ఏరు కుళ్ళింది. దానికి దాహం లేకపోయినా మీరు తాపినారు."

"మొదటి రోజు నుంచే రాల్చింది ఆకు. నీ పిల్ల సుట్టూ తిరగతాంటే రాల్చింది. సెట్టే ఒప్పుకోలేదు. ఇంగ మనుషులేం సేస్తారు?"

"జరిపితే రాలుస్తాదని ఆదెప్ప సెప్పలేదా? మీ ఎదురుగానే సెప్పినాడే."

"వాడు యాపారస్తుడు. వానికేం తెలుసు?"

"రావి జాతి అని సెప్పింది గూడా వాడే గదా. అది మాత్రం ఎట్ల నమ్మినారు?"

కుప్పుస్వామి పేపరు వెనక నవ్వాడు. "బాగానే పట్టినావు చెల్లెమ్మా" అన్నాడు. భార్య చూసేసరికి పేపరు ఎత్తుకున్నాడు.

"ఏడో తరగతి సదివి డాక్టరు మాదిరి మాట్లాడతాది. జెండా పట్టుకోని తిరిగేదానికి సంసారం సంగతి ఏం తెలుస్తాది" అంది సరోజమ్మ, గోడకు చెబుతున్నట్టు.

"డాక్టరు సెప్పిందే మాట్లాడతాండా. అబ్బాయిని పిలుచుకోని రమ్మనింది గదా. పిలుచుకోని పోయినారా?"

మునిచంద్ర సోఫాలో ఉన్నాడు. రిమోటు నొక్కాడు. భక్తి పాటలు పోయి వార్తలొచ్చాయి. మళ్ళీ నొక్కాడు. ఏదో సబ్బు ప్రకటన. అందరం సబ్బు గురించి పూర్తిగా విన్నాం.

దీప వంగి ఆకులు ఏరడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అంగట్లో కూర్చున్నారు, షట్టరు సగం దించి. మా బావ వచ్చాడు. వరదరాజులును కూడా పిలిచారు. గుడ్డల వర్తకుల్లో పెద్ద, ఇరుపక్కల వాళ్ళకూ చుట్టం. దుప్పట్ల కట్ట మీద కూర్చుని, కాఫీ తాగి, గొంతు సవరించుకుని అసలు మాట చెప్పాడు. సరోజమ్మకు బి.కొత్తకోటలో అన్న ఉన్నాడు. ఆయనకు పెళ్ళికెదిగిన కూతురు. మునిచంద్రకు మేనరికం. దీపను పొమ్మని ఎవరూ అనడం లేదు. ఇంట్లో ఉండొచ్చు, పెద్దదానిగా మర్యాదగా. లేదంటే కుప్పంలో ఉంటే నెలకింతని ఇస్తారు.

"సాక్ష్యం ఏంది?" అన్నాను. "పిల్ల గొడ్రాలని ఏ డాక్టరు సెప్పింది?"

"డాక్టర్లు సెయ్యగలిగింది సేసినారు గదమ్మా. దైవం గూడా సూపించేసింది. సెట్టు సూస్తివి గదా" అన్నాడు వరదరాజులు. చదువుకున్న మనిషి. కొడుకును ఇంజనీరింగు చదివిస్తున్న మనిషి.

"సెట్టు సచ్చిపోలేదు. ఏరు కుళ్ళింది, అంతే."

నేనన్న ఈ ముక్కను కుప్పుస్వామి పట్టుకున్నాడు. బేరగాడు కదా. గుడ్డ కొలిచే గజంబద్ద ఒళ్ళో పెట్టుకుని అన్నాడు, "సచ్చిపోలేదంటాండావు గదా చెల్లెమ్మా. అయితే ఒక పని సేద్దాం. పిల్లనూ, సెట్టునూ కుప్పం పిలుచుకోని పొండి. ఉగాది దాకా సూద్దాం. సెట్టు సిగిరించిందా, మా కోడల్ని మేమే వొచ్చి పిలుచుకోని వస్తాం, ఇంగో మాట ఎత్తం. సిగిరించలేదా, మీ దారి మీది."

సగం నవ్వుతూ అన్నాడు. పెద్ద గొడవ లేకుండా సాయంత్రం గిరాకీకి షట్టరు ఎత్తాలని అతని తొందర. కానీ వరదరాజులు ఆ మాటకు కళ్ళు మూసుకుని, "ధర్మమైన మాట" అన్నాడు. అంతే, తీర్పయిపోయింది.

"సెట్టేమన్నా జడ్జీనా? మునిచంద్రను పరీక్షకు పంపండి ముందు" అన్నాను.

"మగోడికి పరీక్షేందమ్మా. మా వంశంలో అట్లాటివి ల్యా" అన్నాడు వరదరాజులు.

నేను మా బావ వైపు చూశాను. మాటకు మాట చెప్పాలని నన్ను పిలిచిన మనిషి. ఆయన తలకాయ ఊపాడు. ఏదో ఒక ఆశ మిగిలింది కదా అనుకున్నాడు. కూతురి కాపురం ఒక తొట్టిలో పెట్టుకుని ఇంటికి పోవడానికి ఒప్పుకున్నాడు.

దీపను ఎవరూ అడగలేదు. ఆమె మిద్దె మెట్ల మీద తన పెట్టె పక్కన కూర్చుని ఉంది, ఎవరూ చెప్పకముందే సర్దుకుని. తొట్టిని మునిచంద్ర మోసుకొచ్చి బస్సు ఎక్కించాడు, డ్రైవరు వెనక సీటు పక్కన. కొమ్మలకు తన తువ్వాలు చుట్టాడు, గాలి తగలకుండా. బస్సు కదిలే దాకా కిటికీ కింద నిలబడ్డాడు. దీపకు ఏమైనా చెబుతాడేమో అని నేను ముఖం అవతలికి తిప్పుకున్నాను. "నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దు" అన్నాడు.

కుప్పంలో మా అక్క ఆదిలక్ష్మమ్మ వీధిలోనే ఎదురొచ్చింది. కూతుర్ని చూసే ముందు చెట్టును చూసింది. చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి రోజు పెరట్లో తొట్టి బోర్లించాం. వేర్లు నల్లగా, పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చాయి. నేను కత్తెర పట్టుకుంటే దీప నా చేతిలోంచి తీసుకుంది. కుళ్ళిన వేరల్లా కత్తిరించింది. గట్టిగా, తెల్లగా ఉన్నవి పిడికెడు మిగిలాయి. తరువాత కొమ్మలు సగానికి కోయబోతే మా అక్క మెట్ల మీది నుంచే అడ్డం చెప్పింది.

"పాలున్న సెట్టమ్మా. పచ్చికొమ్మ కోస్తే పాపం తగులుతాది."

"ఇంత సెట్టుకు ఇన్నే ఏర్లు నీళ్ళు అందించలేవు మా. కోస్తేనే బతుకుతాది" అంది దీప.

చాలా నెలల్లో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. కోసింది. పాలు ఆమె వేళ్ళ మీద కారి జిగురుగా ఆరిపోయాయి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన ఆకు కలిపి పెట్టింది. తొట్టి అడుగున చిల్లి మూసుకుపోయి ఉంటే మేకుతో పొడిచింది. పెరటి రేకుల కింద, వెలుతురు వచ్చి ఎండ పడని మూలలో దించింది. గోరుతో మాను మీద కొంచెం గీరి చూసింది. లోపల పచ్చగా ఉంది. ఎవరికీ చూపించలేదు. నేను చూశాను.

నేను మదనపల్లె పోయినా నెలకోసారి వచ్చిపోతూ ఉన్నాను. దీప తింటుంది, పని చేస్తుంది. వీధిలో వాళ్ళు అడిగే మాటలకు జవాబిస్తుంది. పెరట్లోకి పోయి మట్టిలో వేలు గుచ్చుతుంది. ఒకసారి నీళ్ళ చెంబుతో తొట్టి దగ్గరికి పోయి, కుడివైపుగా నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి, ఆగి, తన కాళ్ళను చూసుకుంది. వెనక్కి వచ్చి ఎదురుగా నిలబడి నీళ్ళు పోసింది.

మా అక్కకు మాత్రం నిద్ర లేదు. రోజూ ఒకటే మాట, సిగిరించిందా, సిగిరించిందా. మోకాళ్ళ నొప్పులు, పెరటి మెట్లు దిగలేదు. మా బావ పొద్దున పొలం పోతే చీకటిపడి వస్తాడు. అందుకని కూతురినే అడుగుతుంది.

"ఇంగా ల్యా మా" అంటుంది దీప.

శివరాత్రికి నేను పోయాను. పెరట్లోకి వెళ్ళి రేకుల కింద చూశాను. కోసిన ప్రతి కొమ్మ చివరా రెండేసి మూడేసి చిగుళ్ళు. కొన్ని అప్పుడే విచ్చుకుని, చిన్న ఆకులు మెరుస్తున్నాయి. నాలుగు రోజుల పని కాదది. నెల పైమాటే. చెట్టుకు పక్కింటి గోడ వైపు ఒక పాత గోనెపట్ట వేలాడదీసి ఉంది.

దీప నా వెనకే వచ్చి నిలబడింది.

"ఎప్పుడు వచ్చినాయే ఇవి?"

"సంక్రాంతికి ముందే."

"మరి మీ అమ్మకు ల్యా ల్యా అంటాండావే."

"సెప్తే ఫోను సేస్తాది."

"సేస్తే? వాళ్ళొచ్చి పిలుచుకోని పోతారు."

"అందుకే" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. కూరలో ఉప్పు సరిపోయింది అన్నట్టు చెప్పింది. "సెట్టు సిగిరిస్తే మంచిదాన్ని. రేపు మళ్ళా ఆకు రాలితే? సలికి రాలుస్తాది, గాలికి రాలుస్తాది. ప్రతి ఆకుకీ నేను భయపడాల్నా చిన్నమ్మా?"

నేను గోనెపట్ట జారిన మూల సర్ది కట్టాను.

గోనెపట్ట ఎక్కువ రోజులు నిలవలేదు. ఉగాదికి నాలుగు రోజుల ముందు గాలికి ఎగిరిపోతే, పక్కింటి ఆమె గోడ మీద నుంచి చూసి కేకేసింది. మా అక్క మోకాళ్ళు మరిచిపోయి మెట్లు దిగింది. అప్పటికప్పుడు ఎస్‌టీడీ బూతుకు పోయి పుంగనూరుకూ, మదనపల్లెకూ ఫోన్లు చేసింది.

ఉగాది మరునాడే సరోజమ్మ, మునిచంద్ర వచ్చారు. నేనప్పటికే అక్కడున్నాను. సరోజమ్మ టెంకాయ, పసుపు కుంకుమ, కొత్త చీర తెచ్చింది. నేరుగా పెరట్లోకి పోయి చెట్టుకు దండం పెట్టింది. కళ్ళలో నిజంగానే నీళ్ళు. "తల్లి కరిగింది. నేను సెప్తానే ఉంటి, రావి జాతి ఊరికినే పోదని" అంది. ఆ ముసలిదాని సంతోషం చూసి నేనే పీట తెచ్చి వేశాను. టెంకాయ కొట్టి నీళ్ళు మొదట్లో పోయబోతే దీప చెంబు అడ్డం పెట్టింది.

"పొద్దున్నే పోసినాను అత్తా. సాలు."

అందరం రేకుల కిందే కూర్చున్నాం. మా అక్క కాఫీలిచ్చింది. మునిచంద్ర కాఫీ పట్టుకుని చెట్టును చూస్తున్నాడు. "బాగా వొచ్చింది" అన్నాడు. తరువాత, "పోదాం రా దీపా. మధ్యాహ్నం బస్సుండాది" అన్నాడు.

"సెట్టుకు పెట్టిన పరీక్ష అయిపోయింది" అంది దీప. "నాకు పెట్టినవి అన్నీ అయిపోయినాయి, రంగు నీళ్ళు ఎక్కించింది గూడా. నీది ఎప్పుడు?"

సరోజమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఏం మాటలే అవి మొగుని పట్టుకోని."

"అత్తా, మిమ్మల్ని కాదు."

మా బావ దగ్గాడు. మా అక్క, "దీపా, గమ్మునుండు. వొచ్చినారు గదా" అంది. దీప వాళ్ళెవరి వైపూ చూడలేదు. మునిచంద్ర వైపే చూస్తోంది, మట్టి ఎండిందా లేదా అని చూసినట్టు.

మునిచంద్ర కాఫీలోకి చూస్తూ మాట్లాడాడు. "మదనపల్లె ఆసుపత్రి ల్యాబులో పని సేసేది మన ఊరోడు. మా అంగడికే వస్తాడు గుడ్డలకు. వాడు సూస్తే..." అని ఆపాడు. చేతిలో కాఫీ మీద మీగడ కట్టింది.

అప్పటికి తెలిసింది నాకు, ఇన్నాళ్ళు ఆ రిమోటు ఎందుకు నొక్కాడో.

"నన్ను మీ ఇంటిల్లిపాదీ సూసినారు" అంది దీప. "తడి సీరతో."

మధ్యాహ్నం బస్సుకు తల్లీకొడుకులిద్దరే పోయారు. చీర పెట్టె మీదే ఉంది. దీప గిన్నెలు కడిగింది. చెట్టు మీద గాలికి పడిన దుమ్ము తుడిచింది. ఏడ్చిందా అని మీరడుగుతారు. లేదు. బాగుందా అంటే, అదీ చెప్పలేను. మట్టిలో వేలు గుచ్చి చూసింది, నీళ్ళు పోయలేదు.

ఇది జరిగి పది రోజులు కాలేదు. పుంగనూరులో మళ్ళీ బి.కొత్తకోట మాట ఎత్తారని విన్నాను. చెట్టు చిగిరించినా కోడలు రాలేదు కాబట్టి తప్పు కోడలిదే అని వరదరాజులు తేల్చాడంట. అందుకే ఇది రాస్తున్నాను. ఇక్కడి నుంచి వినండి.

మునిచంద్రా, పరీక్షకు పో. మదనపల్లెలో మనూరోడు చూస్తాడని సిగ్గయితే చిత్తూరు పో, బెంగుళూరు పో. నీ పేరు మార్చి చెప్పుకుంటావో, తలకు తువ్వాలు చుట్టుకుని పోతావో నీ ఇష్టం. చెట్టుకు చుట్టిన తువ్వాలే ఉంది కదా. సూది కూడా ఉండదని డాక్టరమ్మ చెప్పింది. లోపం ఉంటే మందు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఏది తేలినా దీప ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. కుప్పుస్వామన్నా, అదే అంగట్లో, అదే దుప్పట్ల కట్ట మీద వరదరాజులును కూర్చోబెట్టి, ఆకును సాక్ష్యం అడగడం తప్పని చెప్పు, ఈసారి నవ్వకుండా. సరోజమ్మొదినా, మీ అన్నకు కబురు పెట్టండి, ఆ పిల్లను ఇంకెక్కడైనా ఇచ్చుకొమ్మని. ఆ పిల్లను కూడా రేపు ఇంకో తొట్టి చుట్టూ తిప్పకండి. బావా, నీ తలకాయ ఈసారి అడ్డంగా ఊపు.

దీప వస్తుందా రాదా అన్నది దీపను అడగండి. చెట్టును అడగొద్దు, నన్నూ అడగొద్దు. తొట్టి రేకుల కిందే ఉంటుంది, ఎవరూ చెయ్యి వేయొద్దు.

ముందు పరీక్ష. సోమవారం పొద్దున్నే మొదటి బస్సు ఎక్కు, మునిచంద్రా.